చిక్కుడు తీగ పూత రాలేదని పీకేయొద్దు: మన సీమలో పందిరి చిక్కుడు పెంచే పద్ధతి

ప్రతి ఏడాది దసరా దగ్గర పడిందంటే చాలు, నాకు తెలిసినవాళ్లలో ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతారు, "అక్కా, చిక్కుడు తీగ పందిరంతా అల్లుకునింది, ఆకులు అరచేయంత ఉన్నాయి, ఒక్క పువ్వు లేదు, పీకేసి బీరకాయ పెట్టుకునేదా" అని. వద్దు, పీకొద్దు. ఇంకో నెల ఓపిక పట్టండి. అనంతపురంలో మా ఇంటెనక ఉన్న నాలుగు గజాల జాగాలో నేను ఏటా చిక్కుడు వేస్తాను, మొదటి రెండేళ్లు నేనూ ఇట్లే తొందరపడి ఒక తీగ పీకేసినాను, పక్కింటివాళ్లు అదే విత్తనం అట్లే వదిలేస్తే వాళ్లకు సంక్రాంతికి గంపలు గంపలు కాసింది. అందుకే ఇది రాస్తున్నా, మొత్తం మొదటి నుంచి చెప్తాను, కానీ ముఖ్యంగా ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి.

నాటు పందిరి చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. నీళ్లు ఎన్ని పోసినా, ఎరువు ఎంత వేసినా, పగటి పొద్దు పొడుగ్గా ఉన్నన్నాళ్లు అది ఆకులే వేస్తుంది తప్ప మొగ్గ వేయదు. మన అనంతపురం దగ్గర జూన్‌లో పగలు దాదాపు 13 గంటలుంటే, డిసెంబర్‌లో 11 గంటల చిల్లరకు దిగుతాది. ఆ తగ్గేది తీగకు తెలుస్తాది. అక్టోబర్ నుంచి పొద్దు గూకడం ముందుకు జరుగుతుంటే అప్పుడు లోపల మొగ్గకు సిద్ధమవుతాది, దీపావళి అటూ ఇటూగా పూత కంకులు బయటికి వస్తాయి. ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు, రాత్రంతా లైటు పడే చోట తీగ ఉంటే అది రాత్రిని రాత్రి అనుకోదు. మా గోడ అవతల వీధి లైటు మార్చి బాగా తెల్లగా వెలిగేది పెట్టినప్పుడు, పందిట్లో ఆ లైటు పడే మూల మాత్రం ఆకుపచ్చగా మొద్దుగా ఉండిపోయింది, నీడ ఉన్న ఈ పక్క అప్పటికే పూసి పిందె పడింది. ఆ మూలకు రెండు పాత గోనెసంచులు అడ్డం కట్టినాం, కొన్ని వారాలకు అదీ పూసింది. వరండా లైటు తీగ మీద పడేటట్లుంటే రాత్రి ఆపేయండి, అంతే.

పేర్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే విత్తనం కొనేటప్పుడే తికమక అవుతారు. గోరుచిక్కుడు వేరు, అది మనం మటిక్కాయలు అంటామే అది, దానికి పందిరి అక్కర్లేదు. అనపకాయలు అంటే కోస్తా వాళ్లు సొరకాయ అనుకుంటారు, మన సీమలో అనపకాయలంటే గింజ కోసం పెంచే చిక్కుడు, శెనక్కాయ చేలల్లో సాళ్ల మధ్య కందులతో పాటు వేస్తారే, చలికాలంలో గింజలు వలిచి నానబెట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు టక్కున ఎగిరి గిన్నెలో పడతాది, ఆ పితికిపప్పుతో కూర చేసి రాగిసంగటి ముద్దలోకి తింటే ఇంక వేరే ఏమీ వద్దనిపిస్తాది. అదీ ఇదీ ఒకే జాతి మొక్క, కానీ మనం ఇక్కడ చెప్పుకునేది కాయ మొత్తం కూర వండుకునే తీగ చిక్కుడు.

ఇంకొంతమంది వీడియోలు చూసి రన్నర్ బీన్స్ అని ఎర్ర పూల తీగ విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. నాకూ ఒకరు పంపిస్తే వేసి చూసినాను. తీగ బాగానే ఎక్కింది, పూలు ఎర్రగా చూడముచ్చటగా వచ్చినాయి, కానీ వచ్చినవి వచ్చినట్టే రాలిపోయినాయి. అది మెక్సికో వైపు కొండల మీద చల్లగా ఉండే చోట పుట్టిన మొక్క, ఎండ 30 డిగ్రీలు దాటితే పిందె నిలబడడం కష్టం. పైగా దాని పువ్వుకు తేనెటీగ వచ్చి వాలాల్సిందే, లేకుంటే కాయ పట్టదు. మన కర్నూలు, కడప, అనంతపురం ఎండలకు అది సరిపడదు. అంతగా ఆశ ఉంటే అక్టోబర్‌లో వేసి చలికాలంలోనే కాయించుకునే ప్రయత్నం చేయండి, ఆ కాయలు గానీ గింజలు గానీ పచ్చివి తినొద్దు, బాగా ఉడికించాలి. కూరకు కావాల్సినంత కాయ కావాలంటే మాత్రం మన చిక్కుడే వేసుకోండి.

విత్తనం యాడ దొరుకుతాదంటే, మొట్టమొదట మీ ఊర్లో పోయిన ఏడాది బాగా కాసిన ఇల్లు ఏదో కనుక్కోండి, వాళ్ల దగ్గర పది గింజలు అడగండి, ఎవరూ లేదనరు. వెడల్పుగా తెల్లగా ఉండే రకం, అంచు ఊదారంగు తిరిగే రకం, పూర్తి ఊదా రకం, సన్నగా వేలంత పొడుగుండే రకం, ఇట్ల ఒక్కో ఊరికి ఒక్కోటి ఉంటాది. నా మనసుకు ఊదా అంచు కాయే రుచి, వాసన దానికే ఉంటాది. ప్యాకెట్ విత్తనం కొంటే అది పందిరి రకమా పొద రకమా అని అడిగి కొనండి, ఒకసారి నాకు తీగ అని చెప్పి ఇచ్చింది మోకాలెత్తు దాటలేదు, పందిరి అంతా ఖాళీగా నిలబడింది. పొద రకాలు చెడ్డవని కాదు, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ లాంటివి పగటి పొద్దుతో సంబంధం లేకుండా ఏ కాలంలో వేసినా కాస్తాయి, జాగా లేనివాళ్లకు, మిద్దె మీద కుండీల్లో వేసుకునేవాళ్లకు అవే మేలు. కానీ నెలల తరబడి కోసుకునే పంట కావాలంటే పందిరి రకమే.

వేసే టైమ్ గురించి చెప్తా. కోస్తాలో జూన్‌లోనే వేస్తారు, మనకు అంత ముందు వద్దు. ఆషాఢం గాలి తెలుసు గదా, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ గాలికి లేత తీగ కొసలు నలిగి నల్లబడిపోతాయి, ఎంత కట్టినా ఊడిపోతాది. పైగా జూన్‌లో వేస్తే పూతకు నాలుగైదు నెలలు ఉత్త ఆకుల్ని మేపినట్టు, ఆ ఆకుల్లో పురుగు కాపురం పెడతాది. నేను ఆశ్లేష కార్తెలో, అంటే ఆగస్టు మొదటి రెండు వారాల్లో వేస్తాను. కొంచెం ఆలస్యమైతే మఖలో కూడా వేయొచ్చు. వినాయక చవితికి రెండు మూడు ఆకుల మీద ఉంటాది, మనకు ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లోనే కాబట్టి ఆ వానకు సర్రున ఎక్కుతాది, దసరా దాటేసరికి పందిరి పట్టుకుంటాది, ఆ వెంటనే పూత. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర్లో వాన పడే ఊర్లో ఆ సెప్టెంబర్ వానను తీగ పెరిగే వయసుకు సరిగ్గా కలిపితే బోరు నీళ్ల పని సగం తగ్గుతాది.

గుంత మాత్రం జులైలోనే తవ్వి పెట్టుకోండి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు. మాది ఎర్ర గరుసు నేల, పైన జానెడు మట్టి తీస్తే కింద అంతా రాళ్లు గరుసు, గడ్డపార వేస్తే టంగ్ టంగ్ మంటాది. అట్లాంటి చోట తవ్విన మట్టిలో రాళ్లు ఏరేసి, రెండు గంపల మాగిన దిబ్బ ఎరువు, దొరికితే చెరువు మట్టి ఒక గంప, రెండు పిడికిళ్ల వేపపిండి, ఒక దోసెడు కట్టెల బూడిద కలిపి మళ్లీ నింపి రెండు మూడు వానలకు తడవనీయండి. పచ్చి పేడ వేయొద్దు, వేడి చేస్తాది, చెదలు కూడా పడతాయి. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి వాళ్లకు దీనికి తిరుగుడు, అక్కడ నేలకు సత్తువ ఉంది గానీ వాన పడితే నీళ్లు నిలబడి వేరు కుళ్లుతాది, అందుకని గుంత తవ్వి లోతులో పెట్టకుండా ఇసుక, ఎరువు కలిపి జానెడు ఎత్తు మట్టి గుట్టలాగా చేసి దాని మీద విత్తండి. కడపలో మా చెల్లెలి ఇంటి దగ్గర సమస్య నేల కాదు, వేడి. బండలు పరిచిన వాకిలి పక్కన పెట్టింది, ఆ బండల సెగకు ఆగస్టులో మొలకలు మాడిపోయినాయి. రెండోసారి గోడకు తూర్పు పక్క, మధ్యాహ్నం దాటినాక కాస్త నీడ పడే చోట పెడితే నిలబడినాయి. మొత్తం మీద రోజుకు ఆరు గంటల ఎండైనా ఉండాలి, అంతకు తక్కువైతే ఆకులే.

విత్తే రోజు గింజల్ని నాలుగైదు గంటలు నానబెడితే చాలు, రాత్రంతా నానబెడితే పొట్టు ఊడి పప్పు రెండు బద్దలై మట్టిలో కుళ్లిపోతాది. చిక్కుడు గింజను చేతిలోకి తీసుకుని చూడండి, ఒక అంచున తెల్లటి గీత పొడుగ్గా చిన్న టోపీ పెట్టినట్టు ఉంటాది, దాని కొస దగ్గరే వేరు బయటికి వస్తాది. ఆ తెల్ల గీత పక్కకు ఉండేటట్టు పడుకోబెట్టి ఒక అంగుళం లోతులో పెట్టండి, అంతకంటే లోతు వద్దు. గుంతకు నాలుగు గింజలు, గుంతకూ గుంతకూ మధ్య ఆరడుగులు. వారం లోపల మెడ వంచుకుని లేస్తాయి. ఆ లేచే మూడు రోజులే ప్రమాదం, ఉడతలు, గోరింకలు వచ్చి మెత్తటి మొలకను కొరికి పోతాయి, నేను గుంత చుట్టూ నాలుగు కంప ముళ్లు గుచ్చి పైన కోసిన ప్లాస్టిక్ బాటిల్ బోర్లిస్తాను, మూత తీసేసి. నాలుగు ఆకులు వచ్చినాక బాగా ఉన్న రెండు మొక్కలు ఉంచి మిగతావి మొదట్లో కత్తిరించండి, పీకితే పక్కదాని వేరు కదులుతాది.

పందిరి. ఇక్కడ చాలామంది అశ్రద్ధ చేస్తారు, తీగ లేతగా ఉన్నప్పుడు చూసి ఇంతేగదా అని రెండు వెదురు పుల్లలు, పురికొస కట్టి వదిలేస్తారు. నవంబర్‌లో ఆకులు, కాయలు, వాన నీళ్లు అన్నీ కలిసి ఆ బరువు ఎంతుంటాదో ఊహించలేరు, తుఫాను వాన ఒక్కటి వస్తే పందిరి అడ్డంగా పడి తీగ మొదలు దగ్గర పుటుక్కున తెగుతాది. అది జరిగిన రోజు మా అమ్మ తెగిన తీగ పక్కన కూర్చుని పిందెలు ఏరుకుంటా ఏమీ మాట్లాడలేదు, అది చూసినాక నేను పందిరి విషయంలో పొదుపు చేయలేదు. రాతి కూసాలు దొరికితే అవే శాశ్వతం, మనవైపు పాత ద్రాక్ష తోటలు తీసేసిన చోట ఇప్పటికీ అమ్ముతారు. లేదంటే నీలగిరి కట్టెలు, మణికట్టంత లావున్నవి, నేలలో ఒకటిన్నర అడుగు పాతి కింద కొసకు తారు గానీ వాడిన ఇంజిన్ ఆయిల్ గానీ పూస్తే చెదలు తొందరగా ఎక్కవు. ఎత్తు మీ చేయి ఎత్తితే అందేటంత, ఆరడుగులు, అంతకు మించి వద్దు, ఎక్కువ ఎత్తు పెడితే పురుగు కనపడదు, కాయ అందదు. పైన నాలుగు వైపులా లావు కట్టెలు, వాటి మధ్య జీఐ వైరు అడుగుకు ఒకటి నిలువూ అడ్డం లాగండి. వైరు కొనలేకపోతే ఎండిన కంప కొమ్మలు పైన పరిస్తే సరిపోతాది, మా అవ్వ కాలంలో అంతా అట్లే, ఆ ముళ్లు పట్టుకుని తీగ ఇంకా బాగా పాకుతాది, కాయలు కోసేటప్పుడు మాత్రం చేతులు గీరుకుంటాయి.

గుంత నుంచి పందిరి దాకా ఎక్కడానికి ఒక గరుకు పుల్ల గానీ కొబ్బరి తాడు గానీ కట్టండి. నున్నటి ప్లాస్టిక్ తాడు మీద తీగ జారుతాది. తీగను కట్టేటప్పుడు పాత కాటన్ చీర పేలికలు వాడండి, ఎనిమిది అంకె లాగా వదులుగా ముడి వేయండి, వైరుతో బిగిస్తే కాండం లావెక్కినాక కోసుకుపోతాది. ఇంకోటి, తీగ తనంతట తను ఒకే దిక్కుకు చుట్టుకుంటా పోతాది, మనం సాయం చేస్తున్నామని ఎదురు దిక్కుకు చుట్టితే రాత్రికి రాత్రి విప్పుకుని కిందికి వేలాడతాది. అది ఎటు తిరుగుతుందో చూసి అటే తిప్పండి.

మిద్దె మీద అయితే పెయింట్ డబ్బాలు చాలవు. సగానికి కోసిన డ్రమ్ము, కింద నాలుగు రంధ్రాలు, ఒక డ్రమ్ముకు ఒకటే తీగ. మిగతాదంతా పైన చెప్పినట్టే, నీళ్లు మాత్రం రోజూ.

నేలలో ఉన్న తీగకు మొదటి నెల రెండు రోజులకు ఒకసారి చెంబెడు చెంబెడు, తర్వాత వారానికి రెండుసార్లు, పోసినప్పుడు బాగా పోయాలి, రెండు బకెట్లు పాదులో నిండా. పై పైన తడిపితే వేరు పైకే వస్తాది, ఎండకు దెబ్బ తింటాది. మొగ్గ కనిపించే ముందు పదిహేను రోజులు నీళ్లు కొంచెం బిగించండి, ఆకు మధ్యాహ్నం కాస్త వాలి సాయంత్రానికి లేచేటంత. మొగ్గ కనిపించినాక మాత్రం ఎండగట్టొద్దు, ఒకరోజు ఎండి ఒకరోజు మునిగితే పూత మొత్తం రాలిపోతాది. ఇంట్లో వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని తీగకు పోసేవాళ్లున్నారు, మన బోరు నీళ్లలో మొదలే ఉప్పు ఎక్కువ, ఆ వదిలేసే నీళ్లలో ఆ ఉప్పంతా ఇంకా చిక్కబడి ఉంటాది, రెండు మూడు నెలలకు ఆకు అంచులు మాడతాయి. ఆ నీళ్లు బండలు కడుక్కోడానికి వాడుకోండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోయొచ్చు.

పాదు మీద కప్పడానికి మనకు దొరికినంత సులభంగా ఎవరికీ దొరకదు, శెనక్కాయ పొట్టు. మిల్లు దగ్గర గోతం అడిగితే ఇస్తారు. మొదలుకు నాలుగు వేళ్ల దూరం వదిలి చుట్టూ మూడు అంగుళాల మందం పరచండి, కింద మట్టి మధ్యాహ్నం రెండు గంటలకు వేలు పెట్టి చూస్తే కూడా చల్లగా ఉంటాది. చెదలు వస్తాయనే భయం నిజమే, అందుకే పొట్టు వేసే ముందు పిడికెడు వేపపిండి చల్లాలి, వారానికొకసారి ఎత్తి చూడాలి.

ఎరువు విషయంలో ప్రేమ ఎక్కువ చూపించొద్దు. చిక్కుడు తన నత్రజని తనే చేసుకుంటాది, వేర్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి, ఒకటి గిల్లి చూస్తే లోపల లేత ఎరుపుగా ఉంటే అది బాగా పని చేస్తున్నట్టు. అందులో యూరియా వేస్తే ఆ బుడిపెలు పనే మానుకుంటాయి, తీగ ఆకుల మీదికి పోతాది, లేత కొసల రసం పీల్చే పేనుబంక పురుగుకు పండగ. నేను పదిహేను రోజులకొకసారి జీవామృతం ఇస్తాను. ఇంటి లెక్కకు 20 లీటర్ల నీళ్లలో ఒక కిలో ఆవు పేడ, ఒక లీటర్ ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శెనగపిండి, గట్టు మీది మట్టి పిడికెడు, నీడన పెట్టి రోజుకు రెండుసార్లు కట్టెతో తిప్పుతా రెండు రోజులు ఉంచితే చాలు. గుంతకు రెండు లీటర్లు. పూత మొదలైనప్పుడు ఒకసారి దోసెడు బూడిద పాదులో కలిపి నీళ్లు పోయండి, పొటాష్ అందుతాది.

తీగ పందిరి ఎక్కి ఒక అడుగు పాకినాక కొస తుంచండి. చాలామందికి చేయి రాదు, కానీ అదొక్క కొస తుంచితే కింద కణుపుల నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి, పూత కంకులు వచ్చేది ఆ కొమ్మలకే. పందిరి కింద చీకటి పడేటంత ఆకులుంటే మధ్యలో ముదురాకులు కొన్ని తీసేయండి, గాలి ఆడాలి.

ఆకులు పసుపు రంగు తిరిగితే రెండు రకాలు గుర్తుపట్టాలి, ఏంటికంటే మందు వేరు. లేత ఆకులు మొత్తం లేత పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీసినట్టు ఉంటే ఇనుము అందట్లేదు, మన సున్నం ఉన్న నేలల్లో శెనక్కాయ చేలల్లో కూడా చూస్తుంటాం. లీటర్ నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత ఇంకోసారి, కొత్త ఆకు పచ్చగా వస్తాది. అట్ల కాకుండా ఆకు మీద పసుపు మచ్చలు చిందరవందరగా ఉంటే అది మొజాయిక్ వైరస్, తెల్లదోమ మోసుకొస్తాది, దానికి మందు లేదు, ఆ తీగ తీసి దూరంగా పారేయాల్సిందే, మిగతా తీగలైనా దక్కుతాయి. అనుమానం ఉంటే ఒక ఆకు కవర్‌లో వేసుకుని దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రానికి పోండి, మనకు రెడ్డిపల్లిలో, కడప వాళ్లకు ఊటుకూరులో, కర్నూలు వాళ్లకు బనవాసిలో ఉంది.

పేనుబంక రాని చిక్కుడు తీగ నేను చూడలేదు. చలి మొదలైనప్పుడు వస్తాది. దాన్ని మొదట చెప్పేది చీమలు. ఒక పొద్దున కట్టె మీద చీమలు బారు కట్టి పైకీ కిందికీ పోతుంటే ఆ బారు ఎక్కడికి పోతుందో చూడండి, లేత కొసకో పూత కంకికో చేరుతాది, అక్కడ నల్లగా ఆవగింజలు అతికించినట్టు గుంపుగా ఉంటాయి, వేలితో రాస్తే జిగురు. చీమలు ఆ జిగురు కోసమే వాటిని కాపలా కాస్తాయి, మంచి పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. అందుకే మందు కంటే ముందు కట్టెల మొదళ్లకు బూడిద గుట్టగా పోయండి, గ్రీజు పూసిన గుడ్డ చుట్టండి. రెండు మూడు కొసలకే ఉంటే చేత్తో నలిపేయండి, లేదా పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. అప్పుడు జాగ్రత్తగా చూస్తే నల్లటి ఒంటి మీద నారింజ చుక్కలతో చిన్న మొసలిలాగా పాకే పురుగు ఒకటి కనిపిస్తాది, దాన్ని చూసి భయపడి చంపేవాళ్లు చాలామంది. అది అక్షింతల పురుగు పిల్ల, రోజుకు పదులకొద్దీ పేనుబంకను తింటాది. అది ఉంటే మందు కొట్టకుండా ఒక వారం ఆగండి.

అప్పటికీ తగ్గకపోతే వేప గింజల కషాయం. 50 గ్రాముల వేప గింజల పలుకులు దంచి గుడ్డలో మూట కట్టి లీటర్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కరిగించి కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేటట్లు కొట్టండి. పొద్దున పూట కొట్టొద్దు, అప్పుడే తేనెటీగలు, నల్ల తుమ్మెదలు పూల మీద ఉంటాయి.

పూతలో వచ్చే మారుకా పురుగు ఇంకా మొండిది. రెండు మూడు పూలు, మొగ్గలు బూజులాగా దారంతో ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తే విప్పి చూడండి, లోపల తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కల పురుగు కూర్చుని ఉంటాది. దానికి పైపైన ఏ మందు కొట్టినా గూటి లోపలికి పోదు, కాబట్టి గూడు కనిపించిన ప్రతిసారీ గిల్లి సబ్బు నీళ్లలో వేయడమే. రోజూ కాఫీ తాగుతా పందిరి కింద ఐదు నిమిషాలు తలెత్తి చూస్తే చాలు. ఇంకొకటి, పెసరగింజంత గుండ్రటి నల్లులు తీగ కణుపుల దగ్గర గుంపుగా, ముట్టుకుంటే కంపు కొడతాయి, అవి పొద్దున చలికి మొద్దుగా ఉన్నప్పుడు కింద సబ్బు నీళ్ల టబ్బు పట్టుకుని తీగ దులపండి. డిసెంబర్ మంచుకు ఆకుల మీద ముగ్గుపిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తే పుల్లటి మజ్జిగ పల్చగా చేసి కొట్టొచ్చు, ఎక్కువైతే నీళ్లలో కరిగే గంధకం లీటర్‌కు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపల గంధకం కొట్టొద్దు, ఆకు మాడిపోతాది.

పూత కంకి ఆకుల పైకి నిటారుగా లేస్తాది, కింది నుంచి పైకి వరుసగా పూస్తుంది, కింద కాయ ముదురుతుంటే పైన ఇంకా మొగ్గలుంటాయి. అందుకే కాయ కోసేటప్పుడు కంకిని లాగొద్దు, ఒక చేత్తో కాడ పట్టుకుని ఇంకో చేత్తో కాయ ఒక్కటే తుంచాలి. గింజ ఉబ్బకముందే, కాయ వంచితే ఫట్‌మని విరిగేటప్పుడు కోయండి, మూడు నాలుగు రోజులకొకసారి తప్పకుండా. చెట్టు మీద నాలుగు కాయలు ముదిరినా తీగ ఇంక నా పని అయిపోయిందనుకుని పూత తగ్గిస్తుంది. లేతవి ఈనె తీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి ఉడికినాక వేయించిన శెనక్కాయల పొడి రెండు చెంచాలు చల్లితే, జొన్నరొట్టెలోకి అదొక్కటి చాలు. ముదిరినవి పారేయొద్దు, గింజలు వలిచి సాంబారులో వేయండి, బాగా ఎండిన గింజలైతే నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి, అరకొరగా ఉడికినవి పిల్లలకు పెట్టొద్దు.

రథసప్తమి దాకా తీగకు నాలుగు మంచి ఆకులు ఉంచుకోండి. ఆ రోజు చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, ఎండలో పొంగించిన పరమాన్నం చిక్కుడు ఆకుల్లో సూర్యుడికి పెట్టే ఇళ్లు మన వీధిలో ఎన్నో, పొద్దున ఆరుకే గేటు దగ్గర "అక్కా ఏడు ఆకులియ్యవా" అని పిల్లలు వస్తారు.

విత్తనానికి కాయలు మొదటి కోతల్లోనే ఎంచుకోవాలి, ఆఖర్లో మిగిలిన వంకర కాయలు కాదు. తెగులు లేని తీగకు, బాగా నిండిన పది పదిహేను కాయలకు ఎర్ర దారం కట్టి వదిలేయండి, పొట్టు గోధుమరంగు తిరిగి ఊపితే గలగలమన్నప్పుడు కోసి నీడన వారం ఆరబెట్టి వలవండి. పుచ్చు పట్టకుండా గింజలకు నాలుగు చుక్కల ఆముదం రుద్ది, ఎండు వేపాకుతో డబ్బాలో పెట్టి మూత బిగించండి. మార్చిలో ఎండ ముదిరినాక తీగకు ఇంక జీవం ఉండదు, కొందరు రెండో ఏడాదికి ఉంచుకుంటారు గానీ నాకు దాంట్లో కాపు ఎప్పుడూ సగమే వచ్చింది. మొదట్లో కోసి పై తీగ మేకలున్నవాళ్లకు ఇచ్చేయండి, వేరు మాత్రం నేలలోనే వదిలేయండి, ఆ బుడిపెల సత్తువ అక్కడే ఉంటాది, జూన్‌లో అదే గుంతలో నేను బీర వేస్తాను. ఈ ఏడాది ఊదా అంచు రకం గింజలు ఒక చిన్న డబ్బా నిండా ఉన్నాయి నా దగ్గర, ఆశ్లేషకు ఇంకా టైమ్ ఉంది, గుంత తవ్వుకున్నవాళ్లు అడగండి, మనిషికి ఎనిమిది గింజలు ఇస్తాను.